వాహనం కొన్నప్పుడు వచ్చే తగ్గింపులకు పన్ను లెక్క: బుకింగ్ నుంచి రిటర్న్ దాకా

షోరూములో ‘మొత్తం మీద లక్ష తగ్గించాం’ అంటారు. ఆ లక్ష బిల్లులో పన్నుకు ముందు తగ్గిందా, పన్ను కట్టాక తగ్గిందా, పాత బండి ధరలో కలిసిందా, నెల తర్వాత ఖాతాలో పడిందా అన్నదాన్ని బట్టి జీఎస్టీ, టీసీఎస్ (అమ్మేవాళ్లు ధరతో పాటు మీ దగ్గర ముందే వసూలు చేసే ఆదాయపు పన్ను), తరుగుదల (బండి ఖరీదులో ఏటా కొంత వ్యాపార ఖర్చుగా చూపేది) అన్నీ మారిపోతాయి. కొనేవాళ్లలో ఎక్కువమంది తగ్గింపు ఎంత అన్నది గట్టిగా బేరమాడతారు. అది బిల్లులో ఎక్కడ పడుతుందో మాత్రం అడగరు. డెలివరీ అయిపోయాక అడిగినా అప్పటికి చాలావరకు చేయి దాటిపోయి ఉంటుంది. అందుకే ఇక్కడి పనిలో సగం బుకింగ్ రోజుదే.

ఇందులో చెప్పిన ఆదాయపు పన్ను సెక్షన్ల నంబర్లు 1961 చట్టంలోవి. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే ఆదాయపు పన్ను చట్టం 2025లో నంబర్లు వేరు. ఉదాహరణకు టీసీఎస్ నిబంధనలు అందులో సెక్షన్ 394 కిందికి వచ్చాయి.

1. మీకిస్తున్న తగ్గింపు ఏ రకమో తేల్చుకోండి

ఆఫర్ కాగితంలో నాలుగైదు పేర్లు కలిపి ఒకే మొత్తంగా చూపిస్తారు. ముందు వాటిని విడదీయించండి. ఒక్కోదాని లెక్క ఒక్కోలా ఉంటుంది.

- నగదు తగ్గింపు: డీలరు తన లాభంలోంచి ఇచ్చేది, లేదా తయారీ సంస్థ స్కీము కింద ఇచ్చేది.
- కార్పొరేట్, లాయల్టీ తగ్గింపులు: అర్హత కాగితం (ఉద్యోగి గుర్తింపు కార్డు, పాత బండి ఆర్‌సీ) చూపిస్తేనే వస్తాయి. తయారీ సంస్థే ఇస్తుంది కాబట్టి కార్పొరేట్ తగ్గింపు మీ జీతంలో భాగం కాదు. మీ యజమాని తన డబ్బుతో ధరలో కొంత భరిస్తే అది వేరే సంగతి. దాన్ని జీతంతో పాటు వచ్చే సౌకర్యంగా లెక్కేస్తారు.
- ఎక్స్‌ఛేంజ్ బోనస్: పాత బండి ఇస్తే దాని విలువకు అదనంగా ఇచ్చేది.
- డెలివరీ తర్వాత వచ్చే క్యాష్‌బ్యాక్.
- ప్రభుత్వ రాయితీ: విద్యుత్ ద్విచక్ర వాహనాలకు 2024 అక్టోబర్ 1న మొదలైన పీఎం ఈ-డ్రైవ్ లాంటివి.
- ఉచిత యాక్సెసరీలు, బంగారు నాణెం, లక్కీ డ్రా.
- రెఫరల్ బోనస్: మీరు పంపిన మనిషి బండి కొంటే మీకొచ్చే డబ్బు. పేరు బోనస్ అయినా ఇది మీ కొనుగోలు ధరను తగ్గించదు. ఇది మీ ఆదాయం, రిటర్న్‌లో చూపాలి.

‘సున్నా వడ్డీ రుణం’ కూడా ఒక తగ్గింపే. కాకపోతే ఆ డబ్బు తయారీ సంస్థ నుంచి నేరుగా ఫైనాన్స్ కంపెనీకి వెళ్తుంది. వ్యాపారంలో వడ్డీ ఖర్చు చూపేవాళ్లు తాము కట్టిన వడ్డీనే చూపాలి.

2. బుకింగ్ ఫారం మీదే రాయించుకోండి

జీఎస్టీ చట్టం సెక్షన్ 15(3) ప్రకారం తగ్గింపును పన్ను విలువలోంచి తీసేయడానికి రెండే దారులున్నాయి. ఒకటి, అమ్మకానికి ముందే లేదా అమ్మకం సమయంలోనే ఇచ్చి ఇన్‌వాయిస్‌లో చూపించడం. రెండోది, తర్వాత ఇచ్చినా అమ్మకానికి ముందే లేదా అమ్మకం సమయంలోనే కుదిరిన ఒప్పందం ప్రకారం ఇవ్వడం. అప్పుడు ఆ తగ్గింపు ఫలానా ఇన్‌వాయిస్‌కు చెందిందని తేలాలి, కొన్నవాళ్లు ఆ మేరకు ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని వ్యాపారి తాను కట్టాల్సిన జీఎస్టీలో సర్దుకునేది) వెనక్కి ఇచ్చి ఉండాలి.

సేల్స్‌మన్ నోటిమాట ఈ రెండో దారికి పనికిరాదు. బుకింగ్ ఫారం మీద, లేదా షోరూము అధికారిక మెయిల్‌లో ఈ నాలుగూ ఉండాలి:

- ప్రతి తగ్గింపు పేరు, మొత్తం విడివిడిగా
- ఆ మొత్తం జీఎస్టీతో కలిపా, కలపకుండానా
- ఇన్‌వాయిస్‌లో తగ్గిస్తారా, తర్వాత ఇస్తారా. తర్వాతైతే ఎన్ని రోజుల్లో, ఏ ఖాతాకు
- ఇచ్చేది డీలరా, తయారీ సంస్థా

దీంతో పాటు ప్రొఫార్మా ఇన్‌వాయిస్ అడగండి. అసలు బిల్లు ఎలా వస్తుందో అందులోనే కనిపిస్తుంది. మార్చాల్సింది ఉంటే ఆ దశలో మార్చడం సులభం.

3. తగ్గింపు పన్నుకు ముందా, తర్వాతా?

అన్నిటికన్నా ఎక్కువ డబ్బు తేడా ఇక్కడే వస్తుంది కాబట్టి అంకెలతోనే చూద్దాం.

2025 సెప్టెంబర్ 22 నుంచి నాలుగు మీటర్ల లోపు పొడవుండి, పెట్రోల్ అయితే 1200 సీసీ, డీజిల్ అయితే 1500 సీసీ దాటని కార్లకు జీఎస్టీ 18 శాతం. అంతకన్నా పెద్ద కార్లకు 40 శాతం. విద్యుత్ వాహనాలకు 5 శాతం. 350 సీసీ దాకా మోటార్‌సైకిళ్లకు 18, ఆ పైన 40.

ఒక చిన్న కారు ఎక్స్-షోరూమ్ ధర రూ.11,80,000 అనుకుందాం. అందులో అసలు విలువ రూ.10,00,000, జీఎస్టీ రూ.1,80,000. డీలరు రూ.59,000 తగ్గిస్తానన్నాడు.

పన్నుకు ముందు తగ్గిస్తే: అసలు విలువ రూ.9,50,000, జీఎస్టీ రూ.1,71,000, బిల్లు రూ.11,21,000. తగ్గిన రూ.59,000లో డీలరు జేబు నుంచి పోయింది రూ.50,000 మాత్రమే. మిగతా రూ.9,000 ప్రభుత్వానికి కట్టాల్సిన పన్నులో తగ్గింది.

పన్ను తర్వాత తగ్గిస్తే: బిల్లు రూ.11,80,000 మీదే ఉంటుంది. జీఎస్టీ పూర్తిగా రూ.1,80,000. తర్వాత రూ.59,000 మీకు వెనక్కి ఇస్తాడు. మీ చేతి నుంచి పోయింది అదే రూ.11,21,000. కానీ ఈసారి రూ.59,000 మొత్తం డీలరు భరించాడు.

కాబట్టి సొంత వాడకానికి కొనేవాళ్లు అడగాల్సింది ఇది: ‘ఆ రూ.59,000 మీరు ఎలాగూ భరిస్తున్నారు కదా, దాన్ని అసలు విలువలోనే తగ్గించండి.’ అప్పుడు బిల్లు రూ.69,620 తగ్గుతుంది. 40 శాతం పన్నున్న కారైతే అదే రూ.59,000తో బిల్లు రూ.82,600 తగ్గుతుంది. విద్యుత్ వాహనంలో ఈ తేడా చిన్నది, రూ.61,950 దగ్గరే ఆగుతుంది. పెద్ద కారు కొనేవాళ్లు మాత్రం ఈ బేరం అస్సలు వదలకూడదు.

డీలరు సొంత లాభంలోంచి ఇచ్చే తగ్గింపుకు ఇది సూటిగా వర్తిస్తుంది. తయారీ సంస్థ సొమ్ములో ఒక మెలిక ఉంది. తయారీ సంస్థ మీతో నేరుగా తగ్గింపు ధర ఒప్పందం చేసుకుని, ఆ తేడాను డీలరుకు ఆర్థిక క్రెడిట్ నోట్ (జీఎస్టీ మార్చకుండా, తగ్గింపు మొత్తాన్ని మాత్రమే జమ చేసే పత్రం) రూపంలో చెల్లిస్తే, ఆ తేడా కూడా డీలరు అమ్మకం విలువలో కలుస్తుందని 2025 సెప్టెంబర్ 12 నాటి జీఎస్టీ సర్క్యులర్ 251 చెబుతోంది. అంటే మీరు తక్కువ చెల్లించినా జీఎస్టీ పూర్తి విలువ మీద పడుతుంది. అలాంటి ఒప్పందం లేకుండా తయారీ సంస్థ డీలరుకు ఇచ్చే తగ్గింపు అలా కలవదు. కార్పొరేట్ ఒప్పందాల కింద బళ్లు కొనే కంపెనీలు బిల్లు చూసి డీలరుతో వాదానికి దిగే ముందు ఈ తేడా గమనించాలి.

ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ వచ్చేవాళ్లకు పై లెక్క తిరగబడుతుంది. సరుకు రవాణా వాహనం కొన్న జీఎస్టీ నమోదిత వ్యాపారిని తీసుకోండి. బిల్లులో పడిన పన్ను అతనికి ఎలాగూ క్రెడిట్‌గా వస్తుంది. పన్నుకు ముందు రూ.59,000 తగ్గితే అతనికి నిజంగా మిగిలేది రూ.50,000. పన్ను కలపని ఆర్థిక క్రెడిట్ నోట్‌గా రూ.59,000 వస్తే మొత్తం రూ.59,000 మిగులుతుంది. ఆ క్రెడిట్ నోట్ వల్ల తీసుకున్న క్రెడిట్ వెనక్కి ఇవ్వనక్కర్లేదని అదే సర్క్యులర్ స్పష్టం చేసింది. జీఎస్టీతో కలిపి సెక్షన్ 34 కింద క్రెడిట్ నోట్ ఇస్తే మాత్రం ఆ పన్ను మేరకు క్రెడిట్ వెనక్కి ఇవ్వాలి.

క్రెడిట్ ఎవరికి రాదో కూడా చూసుకోండి. డ్రైవరుతో కలిపి 13 సీట్ల దాకా ఉండే ప్రయాణికుల వాహనానికి సెక్షన్ 17(5) కింద క్రెడిట్ లేదు. వాహనాలు అమ్మే వ్యాపారం, ప్రయాణికుల రవాణా, డ్రైవింగ్ శిక్షణ వీటికి మినహాయింపులు. కంపెనీ పేరున కొన్నంత మాత్రాన డైరెక్టరు తిరిగే కారుకు క్రెడిట్ రాదు.

4. టీసీఎస్: పది లక్షల గీత

వాహనం విలువ రూ.10 లక్షలు దాటితే డీలరు మొత్తం విలువ మీద 1 శాతం పన్ను వసూలు చేసి మీ పాన్ మీద జమ చేస్తాడు (సెక్షన్ 206సీ(1ఎఫ్)). పది లక్షల పైన ఉన్న భాగం మీద మాత్రమే అనుకోవద్దు. పాన్ ఇవ్వకపోతే 5 శాతం వసూలు చేస్తారు.

ఎక్స్-షోరూమ్ రూ.10,20,000, తగ్గింపు రూ.30,000 అనుకోండి. ఇన్‌వాయిస్‌లోనే తగ్గితే విలువ రూ.9,90,000, టీసీఎస్ లేదు. అదే రూ.30,000 తర్వాత క్యాష్‌బ్యాక్‌గా వస్తే బిల్లు రూ.10,20,000 మీదే ఉంటుంది, రూ.10,200 టీసీఎస్ కట్టాలి.

ఇది పోయే డబ్బు కాదు. రిటర్న్‌లో మీ పన్నులో సర్దుకుంటుంది, మిగిలితే రిఫండ్ వస్తుంది. ఉద్యోగులు 2024 అక్టోబర్ నుంచి ఫారం 12బీఏఏలో ఈ వివరం యజమానికి ఇస్తే జీతంలో కోసే టీడీఎస్ తగ్గుతుంది. రిఫండ్ కోసం ఏడాది ఆగేకన్నా ఇది మేలు.

5. పాత బండి ఇచ్చినప్పుడు

పాత బండి విలువ తగ్గింపు కిందికి రాదు. అది మీరు డబ్బుకు బదులు వస్తువుగా చేసిన చెల్లింపు. కొత్త కారు రూ.11,80,000, పాత కారుకు రూ.3,00,000 విలువ కట్టారంటే కొత్త బండి ఇన్‌వాయిస్ రూ.11,80,000కే రావాలి. రూ.8,80,000కు బిల్లు వేయించి జీఎస్టీ, టీసీఎస్ తప్పించుకుందామన్న సలహా ఎవరిచ్చినా ఒప్పుకోకండి. ధరలో కొంత వస్తువుగా చెల్లించినప్పుడు కొత్త వస్తువు మార్కెట్ విలువ మీదే పన్ను అని జీఎస్టీ నిబంధన 27 చెబుతోంది.

బోనస్ మాత్రం రెండు రకాలుగా పడొచ్చు. పాత బండి ధరలోనే కలిపి రూ.3,25,000 అంటే కొత్త బండి విలువ తగ్గదు. కొత్త బండి ఇన్‌వాయిస్‌లో తగ్గింపుగా రూ.25,000 చూపిస్తే జీఎస్టీ కూడా తగ్గుతుంది. సొంత వాడకానికి కొనేవాళ్లకు రెండోదే లాభం.

పాత బండి అమ్మిన మీకు పన్ను ఉందా? సొంతంగా వాడుకున్న కారు వ్యక్తిగత వస్తువు కిందికి వస్తుంది, మూలధన లాభాల పన్ను లేదు. జీఎస్టీ నమోదు లేకపోతే జీఎస్టీ కూడా లేదు. జీఎస్టీ నమోదుండి, తరుగుదల తీసుకున్న వ్యాపార వాహనమైతే, అమ్మిన ధరకూ పుస్తకాల్లో మిగిలిన తరుగు విలువకూ ఉన్న తేడా మీద 18 శాతం కట్టాలి. తేడా సున్నా కన్నా తక్కువైతే ఏమీ కట్టనక్కర్లేదు. ఆ అమ్మకం మొత్తాన్ని ఆస్తి బ్లాకులోంచి (ఒకే తరుగుదల శాతం ఉన్న ఆస్తులను కలిపి లెక్కేసే గుంపు) తీసేయాలి.

పాత బండికి విడిగా అమ్మకం పత్రం, బండిని ఇంకొకరి పేరుకు మార్చడానికి సంతకాలు చేసిన ఫారం 29, ఫారం 30 నకళ్లు దగ్గర పెట్టుకోండి.

6. లైఫ్ ట్యాక్స్

రవాణా శాఖ వసూలు చేసే లైఫ్ ట్యాక్స్ రాష్ట్రాల చట్టాలను బట్టి ఉంటుంది. శాఖ రికార్డులో ఆ మోడల్‌కున్న ధర మీద లెక్కేసే చోట ఇన్‌వాయిస్ తగ్గింపు వల్ల లైఫ్ ట్యాక్స్ తగ్గదు. బుకింగ్ సమయంలోనే ‘లైఫ్ ట్యాక్స్ ఏ ధర మీద కడుతున్నారు’ అని అడిగి, డెలివరీ తర్వాత ఆర్టీఏ రసీదుతో సరిచూసుకోండి. షోరూము వసూలు చేసిన మొత్తానికీ రసీదుకూ తేడా ఉంటే ఆ తేడా మీకు తిరిగి రావాలి.

తెలంగాణలో విద్యుత్ వాహనాలకు 2024 నవంబర్ నుంచి 2026 డిసెంబర్ 31 దాకా రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు ప్రకటించారు. ఇలాంటి మినహాయింపును షోరూము ‘మా తగ్గింపు’ అని ఆఫర్ కాగితంలో కలిపితే కొట్టేయించండి. అది మీకు చట్టం ఇచ్చింది, డీలరు ఇచ్చింది కాదు.

డెలివరీకి ముందు చేతిలో ఉండాల్సినవి:

- ట్యాక్స్ ఇన్‌వాయిస్: తగ్గింపు వరస, జీఎస్టీ శాతం, మీ పేరు, వ్యాపారమైతే జీఎస్టీ నంబరు
- చెల్లింపుల రసీదులన్నీ. మొత్తం ఇన్‌వాయిస్‌తో కలవాలి
- టీసీఎస్ విడిగా చూపిన వరస, మీ పాన్ సరిగ్గా
- తర్వాత రావాల్సిన తగ్గింపులకు సంతకం, ముద్ర ఉన్న కాగితం
- లైఫ్ ట్యాక్స్, బీమా రసీదులు విడివిడిగా

7. సొంత వాడకానికి కొన్నవాళ్ల ఆదాయపు పన్ను

ధర తగ్గింపు మీ ఆదాయం కాదు, రిటర్న్‌లో ఎక్కడా చూపనక్కర్లేదు. మార్కెట్ ధర కన్నా తక్కువకు కొన్న ఆస్తుల మీద పన్ను వేసే సెక్షన్ 56(2)(ఎక్స్) జాబితాలో భూములు, ఇళ్లు, షేర్లు, నగలు, బంగారం, కళాఖండాలు లాంటివే ఉన్నాయి. వాహనం లేదు. కొనుగోలుకు ముడిపడి వచ్చిన క్యాష్‌బ్యాక్ కూడా ధరలో తగ్గింపే. బ్యాంకు ఖాతాలో పడినప్పుడు అది ఏ ఇన్‌వాయిస్‌దో చెప్పే కాగితం ఉంటే చాలు.

ప్రభుత్వ రాయితీలను కూడా ఆదాయంలో కలిపే సెక్షన్ 2(24) చదివి కొందరు కంగారు పడతారు. వ్యక్తులు సొంత అవసరాలకు పొందే సంక్షేమ రాయితీలకు అది వర్తించదని వంట గ్యాస్ రాయితీ విషయంలో 2015లోనే వివరణ ఇచ్చారు.

లక్కీ డ్రా దారి పూర్తిగా వేరు. కొన్న అందరికీ ఖాయంగా ఇచ్చే కానుక ధరలో భాగం. డ్రాలో పేరు వచ్చి గెలిచింది మాత్రం బహుమతి ఆదాయం. దాని మీద 30 శాతం పన్ను, ఆ పైన 4 శాతం సెస్. విలువ రూ.10,000 దాటితే ఇచ్చేవాళ్లు టీడీఎస్ కోయాలి. వస్తువు రూపంలో ఉంటే పన్ను కట్టాకే చేతికివ్వాలి. పండగ ఆఫర్లో కారు గెలిచినవాళ్లు ముందు పన్ను డబ్బు సర్దుకోవాల్సి వచ్చేది ఇందుకే.

విద్యుత్ వాహన రుణం వడ్డీ మీద రూ.1,50,000 మినహాయింపు (సెక్షన్ 80ఈఈబీ) ఉందని ఇప్పటికీ కొన్ని చోట్ల చెబుతున్నారు. అది 2019 ఏప్రిల్ 1 నుంచి 2023 మార్చి 31 మధ్య మంజూరైన రుణాలకే. కొత్త రుణానికి రాదు.

8. వ్యాపారం పేరున కొన్నవాళ్లకు

ఇక్కడ తగ్గింపు ఆదాయం వైపు వెళ్లదు, ఆస్తి ఖరీదులోంచి తగ్గుతుంది. ఖరీదులో కొంత భాగాన్ని ప్రభుత్వం గానీ మరెవరైనా గానీ నేరుగా లేదా పరోక్షంగా భరిస్తే, ఆ భాగం అసలు ఖరీదులో చేరదని సెక్షన్ 43(1) వివరణ 10 చెబుతోంది. వరస ఇలా పాటించండి:

1) ఇన్‌వాయిస్ మొత్తం తీసుకోండి.
2) ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకుంటే ఆ జీఎస్టీ తీసేయండి. క్రెడిట్, తరుగుదల రెండూ ఒకే పన్ను మీద తీసుకోకూడదు.
3) టీసీఎస్ తీసేయండి. అది ఖరీదు కాదు, రావాల్సిన పన్ను.
4) లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఖర్చు కలపండి. బీమా ప్రీమియం ఆ ఏడాది ఖర్చుగా వేరుగా పోతుంది.
5) క్యాష్‌బ్యాక్, ఆర్థిక క్రెడిట్ నోట్, ప్రభుత్వ రాయితీ తీసేయండి.
6) ఒకే రోజు ఒకరికి రూ.10,000 మించి నగదుగా చెల్లించిన భాగం తీసేయండి. అది ఖరీదులో లెక్కకు రాదు.

కారుకు తరుగుదల 15 శాతం, అద్దెకు తిప్పే టాక్సీలు, లారీలు, బస్సులకు 30 శాతం. మన ఉదాహరణలో క్రెడిట్ లేని కారుకు రూ.59,000 క్యాష్‌బ్యాక్ తీసేస్తే రూ.11,21,000 మీద తరుగుదల రూ.1,68,150. తీసేయడం మరిచి రూ.11,80,000 మీద లెక్కేస్తే రూ.1,77,000. అంటే రూ.8,850 ఎక్కువ ఖర్చు చూపినట్టు. ఆ తప్పు బ్లాకులో ఏళ్ల తరబడి కొనసాగుతుంది.

దసరా, దీపావళి ఆఫర్ల కోసం ఆగే వ్యాపారులు ఇంకో లెక్క కూడా వేసుకోవాలి. ఆ ఆర్థిక సంవత్సరంలో వాడకం 180 రోజుల కన్నా తగ్గితే తరుగుదల సగమే. మామూలు సంవత్సరంలో అక్టోబర్ 3 లోపు వాడకంలోకి వస్తేనే 180 రోజులు నిండుతాయి. రూ.11,21,000 కారుకు మొదటి ఏడాది రూ.84,075 ఖర్చు తర్వాతి ఏళ్లకు జరుగుతుంది. పండగ తగ్గింపు ఆ జాప్యానికి సరిపోతుందా అన్నది మీ పన్ను శ్లాబును బట్టి తేల్చుకోండి.

వ్యాపార సంబంధాల్లో వచ్చే ప్రయోజనాల మీద 10 శాతం టీడీఎస్ వేసే సెక్షన్ 194ఆర్ గురించి: అమ్మకపు తగ్గింపులు, నగదు తగ్గింపులు, రిబేట్లకు అది వర్తించదని 2022 నాటి సర్క్యులర్ 12 చెప్పింది. బంగారు నాణేలు, విదేశీ యాత్రలు లాంటివి ఇస్తే, ఏడాదిలో రూ.20,000 దాటాక వర్తిస్తుంది. వ్యాపారానికి బండి కొన్నప్పుడు బంగారు నాణెం బదులు ఇన్‌వాయిస్‌లో తగ్గింపు అడగడమే శ్రేయస్కరం.

9. తరచూ జరిగే తప్పులు, వాటి దిద్దుబాటు

తగ్గింపు ఇన్‌వాయిస్‌లో పడలేదు. బుకింగ్ ఫారంలో రాసి ఉంటే సెక్షన్ 34 కింద జీఎస్టీతో కలిపి క్రెడిట్ నోట్ అడగండి. అమ్మకం జరిగిన ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబర్ 30 దాకా డీలరు దాన్ని తన రిటర్న్‌లో చూపి పన్ను తగ్గించుకోవచ్చు. ఆ తేదీ దాటితే జీఎస్టీ భాగం తిరిగి రాదు.

టీసీఎస్ ఫారం 26ఏఎస్‌లో (మీ పాన్ మీద జమైన పన్నుల పట్టిక) కనిపించడం లేదు. డీలరు మూడు నెలలకోసారి రిటర్న్ వేస్తాడు. జూలై 15, అక్టోబర్ 15, జనవరి 15, మే 15 గడువులు. ఆ తేదీ దాటి పదిహేను రోజులైనా రాకపోతే పాన్ తప్పుగా ఎక్కిందేమో అడిగి, సవరణ రిటర్న్ వేయించి, టీసీఎస్ సర్టిఫికెట్ తీసుకోండి.

డీలరు నగదు తీసుకుంటానన్నాడు. ఒక లావాదేవీకి రూ.2 లక్షలు లేదా అంతకు మించి నగదు తీసుకోవడం సెక్షన్ 269ఎస్‌టీ కింద నిషిద్ధం, జరిమానా తీసుకున్నవాళ్లకు. క్యాష్‌బ్యాక్ కూడా బ్యాంకు ద్వారానే తీసుకోండి. నగదుగా వచ్చిన తగ్గింపుకు కాగితం ఉండదు.

రిజిస్ట్రేషన్ ఒకరి పేరున, క్యాష్‌బ్యాక్ మరొకరి ఖాతాలో. కుటుంబంలో ఇది మామూలే అయినా వ్యాపార వాహనమైతే ఆడిటరు ఒప్పుకోడు. ఇన్‌వాయిస్ ఎవరి పేరున ఉందో ఆ ఖాతాకే పంపమని బుకింగ్ ఫారంలోనే రాయించండి.

క్యాష్‌బ్యాక్ మార్చి 31 దాటాక వచ్చింది. రిటర్న్ ఇంకా వేయకపోతే, రావాల్సిన మొత్తం రాతపూర్వకంగా ఖాయమై ఉంటే, కొన్న ఏడాదే ఖరీదులో తగ్గించి తరుగుదల లెక్కేయండి. రిటర్న్ వేసేశాక వస్తే, సవరణ రిటర్న్ గడువు ఉందేమో చూసి ఆడిటరుతో బ్లాకు విలువ సరిచేయించండి. జీఎస్టీ నమోదున్నవాళ్లు ఇన్‌వాయిస్, క్రెడిట్ నోట్, బుకింగ్ ఫారం మూడింటినీ ఆ ఏడాది వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు భద్రపరచాలి.